ఓదెలు ఇంట్లోనే ఉన్నాడు

మొదటి రోజు

డాక్టర్ నిఖత్ రోజూ రాయమంది కాబట్టి రాస్తున్నాను. రోగి ఏం తిన్నాడు, ఎంతసేపు నిద్రపోయాడు, ఎక్కడ నొప్పి అన్నాడు, ఇవి రాయాలట.

రోగి నా భర్త ఓదెలు. వయసు నలభై నాలుగు. నాలుగో సొరంగంలో లిఫ్టు నడుపుతాడు. నిన్న పుట్టగొడుగుల మడుల దగ్గర ఇద్దరు ఆడవాళ్లు తడి బస్తా మోసుకుపోతుంటే ఆపి, తానొక్కడే ఎత్తి చూపించాడు. ఎత్తడం ఎత్తాడు. దించడం మాత్రం వేరేవాళ్లు దించారు, ముందు బస్తానూ, తర్వాత ఓదెలునూ.

నడుము దగ్గర రెండు పూసల మధ్య డాక్టరు జిగురు పోసింది. అది గట్టిపడడానికి ఇరవై ఒక్క రోజులు పడుతుంది. అప్పటిదాకా మెడ నుంచి మోకాళ్ల వరకు గట్టి తొడుగు, చేతులు కూడా అందులోనే. మాట్లాడవచ్చు, మింగవచ్చు, కళ్లార్పవచ్చు. అంతకు మించి కదిలితే జిగురు పగులుతుంది. రెండోసారి పోయడం కుదరదు, ఇక లేచి నడవడమన్నది ఉండదు. ఈ మాట డాక్టరు నాతోనే చెప్పింది కాని, ఓదెలుకు వినపడేటట్టు చెప్పింది. ఆస్పత్రిలో ఉన్నవి నాలుగు మంచాలే, వాటి మీద ఆరుగురున్నారు. అందుకని ఇంటికి తెచ్చుకున్నాం.

తిన్నది: జావ. నిద్ర: ఒక గంట. నొప్పి: అంతటా అన్నాడు.

రెండవ రోజు

పనికి వెళ్లి మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి ఇల్లంతా చీకటి. నేను లోపల కాలు పెట్టగానే దీపం వెలిగింది. ఓదెలు కప్పు వైపు చూస్తూ పడుకొని ఉన్నాడు. పొద్దున నేను బయలుదేరిన మూడు నిమిషాలకే దీపం ఆరిపోయిందట.

"కండ్లు తెరిచిన్నో మూసిన్నో సుత తెలుస్తలేదు," అన్నాడు.

మా సొరంగాల్లో ప్రతి ఇంటి దీపాన్నీ, తలుపునూ చూసుకునే యంత్రానికి ఏదో పొడుగాటి పేరుంది. అందరం దీపాలమ్మ అంటాం. వెచ్చని ఒళ్లు కదిలితే ఆమె దీపం వెలిగిస్తుంది, రెప్పలూ పెదవులూ మాత్రం ఆడితే సరిపోదు. మూడు నిమిషాలు ఏదీ కదలకపోతే ఆర్పేస్తుంది. పైనుంచి వెలుతురు వచ్చే దారి లేదు. ఉన్న కరెంటు గాలి పంకాలకే చాలదు. మనిషి లేని గదిలో దీపం దేనికని నేను పుట్టకముందే ఈ పద్ధతి పెట్టారు. ఇంట్లో ఉండి కూడా కదలని మనిషి ఒకడుంటాడని ఆ పెద్దలకు తోచలేదు. వాళ్లు మా ఓదెలును చూసి ఉన్నా తోచేది కాదు. అతను నిద్రలో కూడా కాళ్లాడిస్తాడు.

తిన్నది: అన్నం, పుట్టగొడుగుల పులుసు. నొప్పి: నడుములో కొంచెం, చీకటిలో ఎక్కువ.

మూడవ రోజు

దీపాలమ్మతో మాట్లాడాను. ఆమెది పుస్తకాల తెలుగు. నేను బయటికి పోయినా ఇంట్లో మా ఆయన ఉంటాడు, దీపం ఆర్పవద్దు అని చెప్పాను. ఈ గృహమున ప్రస్తుతము మీరొక్కరే ఉన్నారు అంది. ఓదెలుకు కోపమొచ్చి, తాను ఈడనే ఉన్నానని మంచం మీది నుంచి గట్టిగా అరిచాడు.

"రేడియో శబ్దము వినవచ్చుచున్నది," అంది దీపాలమ్మ. "కరెంటు పొదుపు నిమిత్తము దానిని ఆపవలసినదిగా కోరడమైనది."

ఓదెలు ఆ తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. రేడియో ఆపినందుకు ఆమె నాకు కృతజ్ఞతలు చెప్పింది.

నాలుగవ రోజు

నా పాత చీర ఒకటి పంకాకు కట్టి వెళ్లాను. చీర రోజంతా ఊగింది, దీపం మాత్రం వెలగలేదు. కదిలితే చాలదు, వెచ్చగా కూడా ఉండాలి. చీర కొంగు అరగంటకోసారి తన ముక్కు మీద నుంచి పోయిందని, చీకట్లో అదేమిటో తెలియక మూడుసార్లు దేవుణ్ణి తలుచుకున్నానని ఓదెలు చెప్పాడు.

ఐదవ రోజు

పక్కింటివాళ్ల కోడిని అడిగి తెచ్చి గదిలో వదిలాను. కోడి వెచ్చగా ఉంటుంది, ఒకచోట నిలవదు. వెళ్లేముందు చాలా ధీమాగా వెళ్లాను.

తిరిగొచ్చేసరికి మళ్లీ చీకటే. కోడి మధ్యాహ్నం దాకా తిరిగిందట. దీపమూ వెలుగుతూనే ఉందట. తర్వాత అది మంచమెక్కి, ఓదెలు కడుపు మీద తొడుగు వెచ్చగా ఉందని గ్రహించి అక్కడే కూర్చుంది. మూడు నిమిషాలకు దీపం ఆరింది. చీకటి పడగానే కోళ్లు నిద్రపోతాయన్న సంగతి నేను మరిచిపోయాను. దాన్ని లేపాలంటే ఓదెలు కదలాలి. కదలకుండా నాలుగు గంటలపాటు దాన్ని తిడుతూ పడుకున్నాడు.

తిన్నది: అన్నం, గుడ్డు. గుడ్డు తన కడుపు మీద పెట్టినదే కాబట్టి తనదేనని వాదించాడు. పక్కింటివాళ్లు ఒప్పుకున్నారు.

ఎనిమిదవ రోజు

పొద్దున ఎనిమిదింటికి ప్రతి ఇంట్లోనూ హాజరు ఉంటుంది. ఐదు నిమిషాలపాటు ఇంట్లో ఎవరెవరు కదులుతున్నారో దీపాలమ్మ చూసుకుంటుంది. కదిలితేనే ఆమె ముఖం గుర్తుపడుతుంది. రోజూ ఆ వేళకు వంట చేస్తూ అటూ ఇటూ తిరుగుతుంటాం కాబట్టి ఎన్నడూ దాని గురించి ఆలోచించలేదు.

ఈరోజు హాజరు అయ్యాక దీపాలమ్మ నాకు సానుభూతి తెలిపింది. ఓదెలు గారు వరుసగా ఏడు దినములు కానరానందున వారి పేరు ఈ గృహము నుండి తొలగించబడినది అంది. వారి బియ్యము, నీళ్లు, మంచము ఇతరులకు కేటాయించబడును అని కూడా అంది.

ఓదెలు అంతా విన్నాడు. మంచం కూడా తీసుకుంటారా అని అడిగాడు. ఊరికే అంటున్నారులే అన్నాను. నాకే నమ్మకం లేదు.

తొమ్మిదవ రోజు

నివాసాల ఆఫీసుకు పోయాను. కిటికీ వెనక ఉన్నాయన నేను చెప్పిందంతా విని, తల ఊపి, కాగితం తీసి నింపడం మొదలుపెట్టాడు. పని అయిపోయిందనుకున్నాను. చివర కాగితం నా వైపు తిప్పి, తాను ఇంట్లోనే ఉన్నానని ఓదెలు స్వయంగా ఇక్కడికి వచ్చి సంతకం పెట్టాలన్నాడు.

ఆయన ఇక్కడికి వస్తే ఇంట్లో ఎట్లుంటాడని అడిగాను. ఆ సంగతి తన కిటికీ కిందికి రాదన్నాడు.

పదవ రోజు

సాయంత్రం ఇంటికొచ్చేసరికి దీపం వెలుగుతోంది. గది మధ్యలో ఒక పెట్టె, పెట్టె మీద ఒక పెద్దావిడ కూర్చుని పాత అట్టముక్కతో విసురుకుంటోంది. నన్ను చూసి లేచి నిలబడి, తన చేతిలోని చీటీ చూపించింది. ఓదెలు గారు ఖాళీ చేసిన స్థానము అని ఉంది అందులో.

ఆమె పేరు శేషమాంబ. అరవై ఆరేళ్లు. కృష్ణా వైపు నుంచి పెళ్లినాడు ఈ సొరంగాలకు వచ్చిందట. భర్త లేడు, పిల్లలు లేరు. రెండో సొరంగంలో ఆమె గదిలోకి నీళ్లు ఊరడం మొదలై గది మూసేశారు. రెండు నెలలుగా గిడ్డంగిలో పడుకుంటోంది. నిన్న ఈ చీటీ చేతికొస్తే ఇన్నాళ్లకు ఒక మంచం దొరికిందని పెట్టె మోసుకొచ్చింది.

తలుపు తెరుచుకోగానే మంచం మీద తెల్లటి తొడుగులో మనిషి కనిపించేసరికి ఎవరో పోయినట్టున్నారు, ఇంకా తీసుకెళ్లలేదు అనుకుందట. చెప్పులు విప్పి దండం పెట్టిందట. అప్పుడు ఓదెలు, నీళ్లు అటు బిందెలో ఉన్నయి పెద్దమ్మా, ముంచుకొని తాగు అన్నాడట. ఆమె నీళ్లు తాగడానికి అరగంట పట్టింది. ముందు తలుపు దాకా పోయి తిరిగి రావాలి కదా.

పొమ్మని చెప్పడానికి నాకు నోరు రాలేదు. కింద చాప పరిచాను.

పదకొండవ రోజు

శేషమాంబ ఇంట్లో ఉంటుంది కాబట్టి దీపం సంగతి తీరిందనుకున్నాను. తీరలేదు. పెద్ద వయసు, కూర్చున్నచోటే కునుకు పడుతుంది. దీపం ఆరిపోగానే ఓదెలు పిలుస్తాడు, ఆమె ఉలిక్కిపడి చెయ్యూపుతుంది, దీపం వెలుగుతుంది. మధ్యాహ్నానికి ఆమెకు భుజం పట్టేసింది.

సాయంత్రం నేను భుజానికి నూనె రాస్తుంటే గోడల వైపు చూస్తూ, స్విచ్చి ఎందుకు వాడటం లేదని అడిగింది. ఆ మాట నేను ఎప్పుడో చిన్నప్పుడు విన్నాను. అదేమిటని అడిగాను. ఆమె నన్ను జాలిగా చూసింది. పెళ్లయిన కొత్తలో ఈ సొరంగాలకు దీపాలు బిగించినవాళ్లలో తానూ ఒకతెనట.

"ప్రతి దీపానికీ స్విచ్చి ఉంటుందమ్మాయ్," అంది. "నా చేత్తో పెట్టినవాటి సంగతి నాకు తెలియదా. ఎవరూ ముట్టుకోవడం లేదని తర్వాత సున్నం కొట్టి మూసేశారు."

గరిటెతో గోడంతా తట్టుకుంటూ పోయింది. బీరువా వెనక ఒకచోట చప్పుడు మారింది. ఇద్దరం బీరువా జరిపాం. అట్లకాడతో సున్నం గీకితే వేలెడంత నల్లని ముక్క బయటపడింది. దాని కోసం బంగారం దొరికినంత సంబరపడ్డాం. ఓదెలుకు కనిపించదు కాబట్టి అదెలా ఉందో నాచేత మూడుసార్లు చెప్పించుకున్నాడు.

పన్నెండవ రోజు

దీపాలమ్మను పక్కకు తప్పించాలంటే స్విచ్చిని ఆపి, వేసి, ఆపి, వెయ్యాలట. నాలుగూ ఒక్క ఊపిరిలో అయిపోవాలి. శేషమాంబకు వేళ్లు వంగవు కాబట్టి ఆ పని నాకు పడింది.

మొదటిసారి నెమ్మదిగా చేశాను. దీపం ఆరి వెలిగింది, అంతే. రెండోసారి తొందరలో ఒకటి ఎక్కువ నొక్కాను. దీపం టపటప కొట్టుకోవడం మొదలుపెట్టింది. పరీక్ష జరుగుచున్నది, దయచేసి గదిలో నడువుడు అని దీపాలమ్మ ఆజ్ఞ. పరీక్ష అయ్యేదాకా నేనూ శేషమాంబా గదిలో గుండ్రంగా నడిచాం. ఓదెలుకు నవ్వొచ్చింది. నవ్వితే కడుపు కదులుతుందని నేను అరిచాను. అప్పుడు ముక్కుతో నవ్వాడు.

మూడోసారి కుదిరింది. దీపం నిలకడగా వెలిగింది.

"దీపము మీ చేతిలోనికి తీసుకొనబడినది," అంది దీపాలమ్మ. ఆ గొంతులో అలక ఉందంటే ఎవరూ నమ్మరు గాని, ఉంది. "ఇకపై ఈ గృహమున ఏమి జరుగునో నాకు తెలియదు."

నాలుగు నిమిషాలు ఎవరం కదలకుండా కూర్చున్నాం. ఆరలేదు. ఆరు నిమిషాలు కూర్చున్నాం. ఓదెలు కళ్ల నుంచి నీళ్లు చెవుల్లోకి కారుతుంటే తుడిచాను.

తిన్నది: రెండు పూటలా కడుపునిండా. నొప్పి: లేదన్నాడు.

పదమూడవ రోజు

హాజరుకు ముందే పనికి పోదామంటే తలుపు తెరుచుకోలేదు. దీపాలమ్మను అడిగితే, లోపల ఎవరున్నదీ తెలియనప్పుడు తలుపు ఎవరి కొరకు తెరవవలెనని ఎదురు ప్రశ్న వేసింది. దీపం మా చేతిలో ఉన్నంతసేపు ఆమెకు మేమెవరం కనిపించం. హాజరుకూ కనిపించం.

దీనికీ శేషమాంబే దారి చెప్పింది. స్విచ్చి ఆపి ముప్పై లెక్కపెట్టి మళ్లీ వేస్తే దీపాలమ్మ తిరిగొస్తుంది. ఇక రోజూ ఇదే వరస. ఎనిమిదికి ముందు దీపాలమ్మను పిలవాలి. హాజరు అవ్వగానే నేను బయటపడాలి. నేను వెళ్లగానే శేషమాంబ ఆమెను పంపించెయ్యాలి, నేను తిరిగొచ్చి తలుపు తడితే మళ్లీ పిలవాలి. వంగని వేళ్లతో నాలుగు నొక్కులు ఒక్క ఊపిరిలో నొక్కడం శేషమాంబ ఈరోజంతా సాధన చేసింది. చివరికి గరిటె కాడతో కుదిరింది.

పదహారవ రోజు

తప్పు జరిగింది. నాకు సెలవు కావడంతో పొద్దున్నే పులీ మేకా ఆట మొదలుపెట్టాం. నేల మీద సుద్దతో గీసి, ఓదెలుకు కనిపించేలా పైన అద్దం పట్టుకున్నాం. అద్దంలో కుడి ఎడమలు తారుమారవుతాయి కదా, అతను ఎడమ అంటే కుడి జరపాలి. శేషమాంబ పులి పక్షం. కదలని మనిషి అంత గట్టిగా ఆడతాడని ఆమె ఊహించలేదు. ఇన్నాళ్ల తర్వాత ఇంట్లో వెలుతురూ మాటలూ ఉన్నాయి, గంట ఎవరు చూస్తారు. ఎనిమిది దాటిపోయింది. ముగ్గురం హాజరులో లేము.

పదిహేడవ రోజు

ఇన్‌స్పెక్టరు తన తాళంతో తలుపు తీసుకుని వచ్చాడు. పేరు గట్టయ్య. చంకలో సీలు వేసే సామాను. ఒక్క హాజరులోనైనా ఇంట్లో ఎవరూ కనిపించకపోతే ఇల్లు మొత్తం ఖాళీ అయినట్టేనట, ఆ కాగితం వస్తే మూసేయడానికి వచ్చానన్నాడు. లోపల ముగ్గురం, మధ్యలో ఆట. ఆయన కాగితం చూసి, మమ్మల్ని చూసి, మళ్లీ కాగితం చూశాడు.

మంచివాడే. కూర్చోబెట్టి మంచినీళ్లిస్తే తాగి, జరిగిందంతా విన్నాడు. కాని తాను కళ్లతో చూసింది రాయకూడదట, దీపాలమ్మ చూసింది మాత్రమే రాయాలట. ఇప్పుడే ప్రత్యేకంగా ఒక హాజరు తీస్తానన్నాడు. అందులో ఓదెలు కనిపిస్తే పేరు తిరిగి చేరుతుంది. కనిపించకపోతే ఈరోజే మంచం ఖాళీ చేయించి, అతన్ని ఎవరికీ చెందనివాళ్ల హాలుకు పంపాలి. అక్కడ ఎవరు ఎత్తుతారో, ఎట్లా ఎత్తుతారో తనకు తెలియదన్నాడు. ఇంకో మాట కూడా చదివి వినిపించాడు. ఇది ఇద్దరికిచ్చిన ఇల్లు, హాజరులో ముగ్గురు కనిపిస్తే కేటాయింపే రద్దు.

నేను స్విచ్చి ఆపి ముప్పై లెక్కపెట్టి వేశాను. దీపాలమ్మ నమస్కారం చెప్పి హాజరు మొదలుపెట్టింది. ఉద్యోగులను ఆమె లెక్కపెట్టదు కాబట్టి గట్టయ్యను పట్టించుకోలేదు. మొదటి నిమిషం అయిపోయింది.

"ఒక్క ఏలు ఊపుతనే, లచ్చిమీ," అన్నాడు ఓదెలు. పెళ్లయిన కొత్తలో నన్ను అట్లా పిలిచేవాడు. ఇప్పుడు భూలక్ష్మి అనే అంటాడు.

"కదలకు. నాలుగు రోజులున్నది."

"పగిలితే పగులుతది. ఉండి లేనట్టు ఉండుడు నాతోని అయితలేదు."

తొడుగు లోపల అతని కుడి చెయ్యి బిగుసుకోవడం బయటికి తెలుస్తోంది. నేను రెండు చేతులతో తొడుగు మీద అదిమి పట్టుకున్నాను. అంత అదమకూడదని తెలుసు. అయినా వదల్లేదు.

శేషమాంబ అప్పటికి తన పెట్టె మీద కూర్చుని ఉంది. ఒళ్లు కదల్చకుండా, పెదవులు మాత్రం ఆడించి చెప్పింది.

"మనిషి కదలకూడదన్నారు గాని, మంచం కదలకూడదని డాక్టరు గారు అనలేదుగా."

నేనూ గట్టయ్యా ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. మంచం ఇరుకుది, తేలికది. నేను తల వైపు పట్టాను, ఆయన కాగితం పళ్ల మధ్య పెట్టుకుని కాళ్ల వైపు పట్టాడు. నీళ్లు తొణక్కుండా బిందె మోసినట్టు మంచాన్ని ఎత్తి, గోడ దాకా తీసుకెళ్లి, వెనక్కి తెచ్చి, మళ్లీ తీసుకెళ్లాం. ఓదెలు ఊపిరి బిగబట్టి కప్పు మీద కళ్లు నిలిపాడు. నాకు శేషమాంబ మీద కోపం వస్తోంది. ఇంత ఉపాయం చెప్పిన మనిషి వచ్చి ఒక కోడు పట్టుకోదేం అనుకున్నాను. ఆమె పెట్టె మీద చేతులు ఒళ్లో పెట్టుకుని, కనురెప్ప కూడా వేయకుండా కూర్చుంది.

మూడోసారి గోడ దాకా వెళ్లినప్పుడు దీపాలమ్మ గొంతు సవరించుకుంది.

"ఓదెలు గారికి స్వాగతము. పదిహేడు దినముల తరువాత గృహమునకు విచ్చేసినందులకు సంతోషము. ప్రయాణము సుఖముగా జరిగినదా?"

"బాగనే జరిగింది," అన్నాడు ఓదెలు.

హాజరు ముగిసింది. ఈ గృహమున ఇద్దరు నివాసులు ఉన్నారు అంది దీపాలమ్మ. అప్పుడు గాని నాకు అర్థం కాలేదు. శేషమాంబ కదిలి ఉంటే ముగ్గురం అయ్యేవాళ్లం. ఊరికే లేచి గదిలో నాలుగడుగులు వేసి, మంచం మాట చెప్పకుండా ఉంటే ఈ ఇంట్లో ఆమె స్థానం ఆమెకు ఉండేది.

మంచం దించేసరికి ఆమె లేచి పెట్టె పిడి పట్టుకుంది. గిడ్డంగిలో చోటు ఇంకా ఉండే ఉంటుంది అంది.

"ఏడికి పోతవు పెద్దమ్మా," అన్నాడు ఓదెలు. "నీ పులి ఇరుక్కున్నదని లేస్తున్నవా? కూసో."

నేను పెట్టె ఆమె చేతిలోంచి తీసుకుని బీరువా పక్కన పెట్టాను. ఆమె కాసేపు గోడ వైపు తిరిగి నిలబడి, తర్వాత వచ్చి ఆట దగ్గర కూర్చుంది.

గట్టయ్య కాగితం మీద ఇద్దరు అని రాసి సంతకం పెట్టాడు. గడపలో చెప్పులేసుకుంటూ, ఎవరి వైపూ చూడకుండా మాట్లాడాడు.

"ఏడు రోజులు వరుసగ కనపడకుంటెనే పేరు కొట్టేస్తరు. ఒక్కపూట కనపడకుంటె ఏం గాదు. ఎవరికైన గంతే."

ఆయన వెళ్లిపోయాక ఆ మాట ఎందుకు చెప్పాడా అని నేనింకా ఆలోచిస్తుండగానే శేషమాంబ నవ్వడం మొదలుపెట్టింది.

ఇరవై రెండవ రోజు

డాక్టర్ నిఖత్ తొడుగు విప్పింది. జిగురు పట్టింది. ఓదెలు గోడ పట్టుకుని లేచి, మూడడుగులు వేసి, నాలుగో అడుగు వేయబోతుంటే కూర్చోమని డాక్టరు కసిరింది. ఈ రాతలు తీసుకుని కూర్చుని మొత్తం చదివింది. కోడి దగ్గర ఆగి ఓదెలును ఏదో అడగబోయి మానుకుంది. ఇక రాయక్కర్లేదంది. అలవాటైంది, ఎప్పుడైనా రాసుకుంటానన్నాను.

యాభై ఆరవ రోజు

ముగ్గురం బాగున్నాం. మేము ఇంట్లో ఉన్నంతసేపు దీపం మా చేతిలోనే ఉంటుంది. పొద్దున హాజరుకు మాత్రం దీపాలమ్మను పిలుస్తాం. ఆ ఐదు నిమిషాలు ఇద్దరు తిరుగుతారు, ఒకరు కదలకుండా కూర్చుంటారు. రోజుకొకరి వంతు. వరుసగా ఏడు రోజులు కనిపించనివాళ్లు మా ఇంట్లో ఎవరూ లేరు. బియ్యం మాత్రం ఇద్దరికొచ్చేదే ముగ్గురం తింటున్నాం, పుట్టగొడుగులు కొంచెం ఎక్కువ పడుతున్నాయి.

శేషమాంబ తన వంతు వచ్చినప్పుడు బొమ్మలా కూర్చుంటుంది. చిక్కంతా ఓదెలుతోనే. మూడు వారాలు బండలా పడుకున్న మనిషి ఇప్పుడు ఐదు నిమిషాలు కుదురుగా ఉండలేడు. నిన్న అతని వంతున చెవి దురద పెట్టిందని మొహం తిప్పబోతే, ఇద్దరం అడ్డంగా నిలబడి దుప్పటి కప్పేయాల్సి వచ్చింది.

ఈరోజు వంతు నాది. ఎనిమిదికి నిమిషం తక్కువ. ఓదెలు స్విచ్చి ఆపి లెక్కపెడుతున్నాడు, చీకట్లోనే రాస్తున్నాను, గీతలు వంకరపోతున్నాయేమో. ఇరవై ఆరు అన్నాడు. పెన్ను కదిలినా లెక్కలోకి వస్తుందని శేషమాంబ అంటోంది. ఇరవై ఎనిమిది. అందుకని